ఇంటి గొడవ కాదు, హింస
భార్యని కొడుతుంటే "వాళ్ళింటి గొడవ, మనకెందుకు" అని వీధంతా తలుపులేసుకోవడం ఇకనైనా ఆగాలి. మా పక్క వాటాలో రెండేళ్లు ఆ ఏడుపు విన్నాం, నేనూ వెళ్లలేదు, అది ఇప్పటికీ మనసులో ముల్లే, చివరికి ఆమె పుట్టింటికెళ్తే పెద్దమనుషులు సర్దిచెప్పి మళ్లీ అదే ఇంటికి పంపారు, ఇప్పుడు దెబ్బల్లేకపోయినా గేటు చప్పుడైతే చాలు ఉలిక్కిపడుతుంది. 2005 గృహహింస చట్టం ప్రకారం పక్కింటివాళ్లు కూడా రక్షణాధికారికి (ఇలాంటి కేసులు చూడ్డానికి ప్రభుత్వం పెట్టిన అధికారికి) చెప్పొచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు, ఇదెంతమందికి తెలుసు? మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకి గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన సఖి సెంటర్ ద్వారా వైద్యం, కౌన్సెలింగ్, లాయర్ సాయం అందుతాయి. ఆ నంబరు రేషన్ షాపు, అంగన్‌వాడీ గోడల మీద పెద్దక్షరాలతో రాయించాలి, డ్వాక్రా మీటింగుల్లో అప్పుల లెక్కలతో పాటు దీని గురించీ మాట్లాడాలి, హింస నుంచి బయటపడిన ఆడవాళ్ల దగ్గరికి ఆశా వర్కర్ నెలకోసారైనా వెళ్లి ఎలా ఉన్నావమ్మా అని అడగాలి.