ఇటుక బట్టీ కుటుంబాలకు పప్పు, కూరగాయలు: 2025 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు జమా ఖర్చులు

చందాలిచ్చిన అందరికీ నమస్కారం. జహీరాబాద్ రోడ్డు పక్క ఇటుక బట్టీలో పనిచేసే 46 ఒడిశా కుటుంబాలకు, చుట్టుపక్కల రైతుల దగ్గర కొన్న సరుకు పంచిన లెక్క ఇది. వాళ్ల రేషన్ కార్డులు బలంగీర్, నువాపడాల్లో ఇంటి పెద్దవాళ్ల దగ్గరే ఉండిపోయాయి. ఇక్కడ తిండి ఖర్చులకని వారం వారం చేతికొచ్చే ఖర్చీతో నూకలు, ఆలుగడ్డలు తప్ప పెద్దగా ఏమీ కొనలేరు.

జమ: పాత నిల్వ 3,140 రూపాయలు. 58 ఇళ్ల చందా 46,350. సంక్రాంతి ముగ్గుల పోటీ దగ్గర పెట్టిన డబ్బాలో 4,210. తండ్రి సంవత్సరీకం పేరున ఒకరిచ్చింది 10,000, పేరు రాయొద్దన్నారు. మొత్తం 63,700.

ఖర్చులో సగానికి పైగా కందులకే పోయింది. 4 క్వింటాళ్లు, 7,600 చొప్పున 30,400. ఆ ఏడాది ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకు 7,550. మన రైతులను ఆ వారం వ్యాపారి అడిగింది 6,900, పైగా తూకంలో తరుగు. మిల్లు కూలి 1,800. పొట్టు, నూక మిల్లుకే వదిలేశాం కాబట్టి అంతకు ఒప్పుకున్నారు. చేతికొచ్చిన పప్పు 276 కిలోలు. ఇంటికి రెండేసి కిలోల చొప్పున మూడుసార్లు ఇచ్చాం. కిలో దాదాపు 117 పడింది. హోల్‌సేల్‌లో కొంటే ఇంకొంచెం తక్కువకు వచ్చేది కదా అని మీటింగులో అడిగారు. రావచ్చు. కానీ చందా అడిగినప్పుడే మన రైతు దగ్గరే కొంటామని చెప్పాం.

జొన్నల విషయంలో తప్పు మాదే. 3 క్వింటాళ్లు 10,350కి కొన్నాం. మార్చిలో ఇంటికి రెండు కిలోలిస్తే, రొట్టె చేయడం అలవాటు లేక చాలామంది కిరాణా కొట్లో బియ్యానికి మార్చుకున్నారు. ముందే ఒక మాట అడగాల్సింది. మిగిలిన 208 కిలోలు మన ఊళ్లో ఒంటరిగా ఉంటున్న 26 మంది వృద్ధులకు ఎనిమిదేసి కిలోలు పంచాం. వాళ్లు మాత్రం సంతోషంగా తీసుకున్నారు.

కూరగాయలకు ఆరు ఆదివారాలకు కలిపి 9,640. ఇందులో 480 రూపాయల టమాటా పాడైంది. ఒక ఆదివారం మబ్బు పట్టగానే బట్టీలో పిల్లలతో సహా అందరూ పచ్చి ఇటుకల మీద పట్టాలు కప్పడానికి పరుగెత్తారు. చీకటి పడేదాకా తీసుకునేవాళ్లు లేరు, ఆటోలో అడుగున ఉన్న పెట్టెలు రెండు నలిగిపోయాయి. ట్రాలీ ఆటో ఆరు ట్రిప్పులకు 4,200. సంచులు, కాంటా, హమాలీ 1,385.

మొత్తం ఖర్చు 57,775. నిల్వ 5,925: బ్యాంకులో 5,000, కోశాధికారి దగ్గర 925.

రెండో ట్రిప్పు ఆటోకు ఇచ్చిన 700కి రసీదు లేదు. డ్రైవర్ వచ్చే వారం సంతకం పెడతానన్నాడు, పెట్టకపోతే ఆ డబ్బు కోశాధికారి, కార్యదర్శి చెరి సగం కడతారు. మిగతా రసీదులన్నీ ఆదివారం పొద్దున 10 నుంచి 12 దాకా గ్రంథాలయంలో ఉంటాయి.