మొక్కల నుంచి తీసిన మందును ఎవరిపై పరీక్షించారో కూడా రాయండి

సంపాదకుల వారికి,

గ్రీన్ టీ, పసుపు, ద్రాక్ష గింజల సారం ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్‌ను అడ్డుకుంటాయంటూ ఆరోగ్య పేజీల్లో తరచుగా వస్తున్న వార్తల గురించి చర్మవ్యాధుల వైద్యురాలిగా ఈ లేఖ రాస్తున్నాను. అవి కట్టుకథలు కావు. గ్రీన్ టీలో సహజంగా ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలను ఒంటికి పూసినా, తాగే నీళ్లలో కలిపి ఇచ్చినా, అతినీలలోహిత కిరణాల వల్ల పుట్టే కణుతులు ఎలుకల్లో తగ్గాయని పలు ప్రయోగశాలల్లో తేలింది. అయితే ఎలుక చర్మం మన చర్మం కన్నా బాగా పలుచన కనుక పూసిన మందు సులువుగా లోపలికి ఇంకుతుంది. పసుపులోని కర్క్యుమిన్‌ను మనం మింగితే రక్తంలోకి చేరేది అత్యల్పం. ఈ సంగతులు వార్తల్లో అరుదుగా కనిపిస్తాయి.

మొక్క నుంచి వచ్చినది హాని చేయదన్న నమ్మకం అంతకంటే ప్రమాదకరం. బొల్లి మచ్చలకు మన పెద్దలు వాడిన బావంచాల్లోని సోరాలెన్ అనే పదార్థం, అతినీలలోహిత కిరణాలు సోకగానే కణాల డీఎన్ఏకు అతుక్కుంటుంది. ఆ గుణం ఆధారంగానే వచ్చిన, సోరాలెన్ ఇచ్చి అతినీలలోహిత కిరణాలు సోకించే ప్యువా చికిత్సను, చర్మం పొలుసులు కట్టే సోరియాసిస్ జబ్బు కోసం ఏళ్ల తరబడి తీసుకున్నవారిలో స్క్వామస్ సెల్ క్యాన్సర్ అనే చర్మ క్యాన్సర్ పెరిగింది. నిమ్మతొక్కలోనూ ఆ కుటుంబపు పదార్థాలే ఉన్నాయి, కాబట్టి ముఖానికి నిమ్మచెక్క రుద్దుకునే చిట్కాను అచ్చు వేయకపోవడమే మేలు. ఇక యుఫోర్బియా పెప్లస్ అనే చిన్న కలుపు మొక్క పాల నుంచి తీసిన ఇంజినాల్ మెబ్యుటేట్ జెల్‌ను, ఎండ తాకిడికి ఏర్పడి క్యాన్సర్‌గా మారే అవకాశమున్న మచ్చలకు వాడేందుకు అమెరికా 2012లో అనుమతించింది. ఆ జెల్ రాసిన చోటే చర్మ క్యాన్సర్ ఎక్కువగా వస్తోందన్న ఆందోళనతో 2020లో ఐరోపాలో దాని అమ్మకం ఆగిపోయింది.

కాబట్టి ఇటువంటి వార్త వేసినప్పుడల్లా ఆ ప్రయోగం గాజుపాత్రలోని కణాలపై జరిగిందా, ఎలుకలపై జరిగిందా, మనుషులపై జరిగిందా అన్నది శీర్షిక కిందనే ఒక వాక్యంలో తెలపాలని కోరుతున్నాను.

మరొక విన్నపం. మనలో ఎక్కువమందికి చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండ నుంచి కొంత కాపు కాస్తుంది. ఆల్బినిజంతో, అంటే మెలనిన్ తయారీ లోపంతో పుట్టినవారికి ఆ రక్షణ దాదాపు లేదు. చెవి అంచున గానీ, కింది పెదవిపై గానీ గరుకుగా, గీరితే ఊడి మళ్లీ కట్టే పొలుసు కనిపిస్తే వారు పసరు పూస్తూ నెలలు గడపకూడదు, వెంటనే వైద్యుడికి చూపించుకోవాలి. నిండు చేతుల చొక్కా, వెడల్పాటి అంచున్న టోపీ, ఎస్పీఎఫ్ (ఎండ నుంచి రక్షణ స్థాయిని తెలిపే అంకె) 30కి తగ్గని సన్‌స్క్రీన్ వారికి చిన్నప్పటి నుంచే అవసరమన్న సంగతికి మీ పేజీలో ఒక్క వారమైనా చోటివ్వండి.

ఇట్లు,
ఒక చర్మవ్యాధుల వైద్యురాలు,
కర్నూలు