నా దగ్గర జాక్ లించ్ పోస్టర్ కొన్నవాళ్ళకి

అందరికీ నమస్కారం. తిప్పితిప్పి చెప్పను. ఐర్లండ్‌లో మన కార్క్ ఊరి షాపులో, ఇక్కడి మాజీ ప్రధాని జాక్ లించ్‌వి, 1977 ఎలక్షన్ నాటి ఒరిజినల్స్ అని నేను అమ్మిన "బ్రింగ్ బ్యాక్ జాక్" పోస్టర్లు ఒరిజినల్స్ కావు, ఈమధ్య వేసిన రీప్రింట్లు. మొత్తం 14 అమ్మాను, అందులో 9 మన తెలుగువాళ్ళే తీసుకున్నారు, చాలామంది ఆఫీసులో రిటైరవుతున్న ఐరిష్ కొలీగ్‌కి ఇద్దామని. పరాయివాళ్ళ ముందు మీ మాట పోయేలా చేశానే అని నిద్ర పట్టట్లేదు.

లించ్ అంటే ఈ ఊరికి ఏంటో కౌంటర్ దగ్గర మీకు నేనే కథలుగా చెప్పాను. ఆగస్టు 15న పుట్టారని, 1941 నుంచి 46 దాకా వరసగా ఆరేళ్ళు ఆల్ ఐర్లండ్ (దేశం మొత్తం పోటీల) మెడల్స్ కొట్టారని, ఐదు హర్లింగ్‌లో, అంటే కర్ర, బంతితో ఆడే ఐరిష్ ఆటలో, ఒకటి గేలిక్ ఫుట్‌బాల్‌లో. 1966లో ప్రధాని అయ్యి 1973లో దిగిపోయిన మనిషిని మళ్ళీ తెద్దాం అని 1977లో ఆయన పేరు మీదే ప్రచారం నడిపితే ఆయన పార్టీ ఫియనా ఫాయిల్‌కి పార్లమెంటులో 148లో 84 సీట్లు వచ్చాయి. అందుకే ఆనాటి కాగితం ముక్కకి కూడా ఇక్కడ అంత ప్రేమ.

మా షాపుకొచ్చే ఒక పెద్దాయన ఆ ఎలక్షన్‌లో తన చేత్తో అంటించగా మిగిలిన పోస్టర్ ఒకటి తెచ్చి నావాటి పక్కన పెట్టారు. ఆయనదాని అడుగున ప్రింటర్ పేరు, అడ్రస్ ఉన్నాయి, నావాటికి లేవు. ఎలక్షన్ పోస్టర్ మీద అవి ఉండాలని మన ఇండియాలోలాగే ఇక్కడా రూల్, నాకు ఆ రూల్ తెలుసు, తెలిసే సప్లయర్‌ని అడిగాను, ఫ్రేమ్ కోసం అడుగు కత్తిరించాం అన్నాడు, నాలుగేళ్ళ పరిచయం కదా అని నమ్మాను. ఆ రాత్రి అమ్ముడుపోకుండా మిగిలిన నాలుగూ ఫ్రేముల్లోంచి తీసి భూతద్దం పెట్టి చూస్తే నాలుగింటికీ కుడివైపు మూల ఒకే చోట, ఒకే ఆకారంలో పసుపు మరక. మరక కూడా చుక్కలు చుక్కలుగా ప్రింటే. రెండు మూడు చొప్పున పంపేవాడు, ఎప్పుడూ అన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. ఫోన్ చేస్తే "కస్టమర్లకి తేడా తెలియదులే" అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుతోంది. వాడితో లెక్క అక్కడితో తెంచేశాను, డబ్బు తిరిగి ఇవ్వలేదు, ఇవ్వకపోయినా మీకిచ్చేది ఆగదు.

మూడు వారాలు తేల్చుకోలేకపోయింది ఆ నాలుగింటి గురించి. కాపీ అని రాసిపెట్టి పది యూరోలకి అమ్మేద్దాం, అద్దె అయినా వస్తుంది అని మా ఆవిడ, అది తప్పు కూడా కాదు. వెనకాల స్టాంప్ వేద్దామనుకున్నాను, స్టాంప్ చేయించాను కూడా. కానీ ఫ్రేమ్‌లో పెడితే వెనక ఎవరు చూస్తారు, రేపు ఇంకెవరో ఒరిజినల్ అని అమ్ముతారు, అప్పుడు అది నా షాపు నుంచి వచ్చిందే అవుతుంది. చించేశాను. మొండితనం అంటే అనుకోండి, ఇందులో నేను మారను.

డబ్బు మొత్తం వాపస్ ఇస్తాను, ఫ్రేమ్‌తో సహా, బిల్లు లేకపోయినా పర్లేదు, నా పుస్తకంలో ఉంది. గిఫ్ట్ ఇచ్చేసినవాళ్ళు పోస్టర్ తిరిగి అడగొద్దు, ఆ కొలీగ్‌కి నేనే ఉత్తరం రాసి తప్పు నాదని చెప్తాను, మీ పేరు చెడదు. హర్లింగ్ ఫొటోలు, పేపర్ కటింగ్స్ వేరే చోట, ఒక ఇంటి సామాను అమ్మకంలో కొన్నవి, అవీ మళ్ళీ ఒక్కొక్కటే చూస్తున్నాను, అయ్యేదాకా అమ్మను. శనివారం పొద్దున్నుంచి షాపులోనే ఉంటా, భూతద్దం కౌంటర్ మీదే పెట్టాను, వచ్చి మీరే చూసుకోండి.