ఆరో ఏటికి ముందు ఐదో ఏడు ఉంది

సంపాదకుడు గారికి,

ఒకటో తరగతిలో చేరడానికి ఆరేళ్లు నిండాలని జాతీయ విద్యావిధానం చెప్పిన మాట మీద మా ఆదోనిలోనూ తల్లిదండ్రులు చర్చించుకుంటున్నారు. మా వీధిలో ఒక తండ్రి, మే నెలలో పుట్టిన కొడుకును యూకేజీలోనే మరో ఏడాది ఉంచుతున్నాడు. తోటివాళ్లకంటే పెద్దవాడైతే రేపు కాలేజీలోనూ నిలదొక్కుకుంటాడని ఆయన ఆశ. ఆయనను తప్పుపట్టను. అమెరికాలోని ఫ్లోరిడా బడిపిల్లల మీద జరిగిన అధ్యయనంలో, తరగతిలో వయసులో పెద్దవాళ్లకు మార్కులు ఎక్కువ వచ్చాయి, పట్టా అందుకునే అవకాశం కూడా కాస్త పెరిగింది.

అదే దేశంలో డేవిడ్ డెమింగ్, సూసన్ డైనార్‌స్కీ అనే ఆర్థికవేత్తలు 2008లో చెప్పిన మాట కూడా వినాలి. నిర్ణీత వయసు రాగానే బడి మానేయడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. ఆలస్యంగా చేరినవాళ్లు, ముఖ్యంగా పేదింటి పిల్లలు, ఆ వయసుకు తక్కువ చదువుతోనే బయటపడతారని వారి వాదన.

మన దగ్గర ఆడపిల్లల చదువు ఆగిపోయే ఆ గీత గీసేది పెళ్లి.

నేను ముప్ఫై ఏళ్లు కోసిగి, కౌతాళం మండలాల బడుల్లో పాఠాలు చెప్పాను. తొలి రోజుల్లో పుట్టిన తేదీ తెలియని పిల్లలను కుడిచేయి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోమనేవాళ్లం. అందితే రిజిస్టరులో ఐదేళ్లు వేసి, జూన్‌లో ఏదో ఒక తేదీ రాసేవాళ్లం. దీపావళి దాటగానే వాళ్లలో సగం మంది అమ్మానాన్నలతో గుంటూరు వైపు పత్తితీతకు, మిరపకోతకు వెళ్లిపోయేవారు. ఉగాదికి తిరిగొచ్చిన ఒక పాపకు పలక ఇచ్చి పేరు రాయమన్నాను. మిరప ఘాటుకు వేలికొనలు ఎర్రబడి ఉన్నాయి. మొదటి అక్షరం రాసి, రెండోది గుర్తురాక నా ముఖంలోకి చూసింది.

ఐదేళ్లకు చేరిన అమ్మాయి పద్దెనిమిది నిండేసరికి డిగ్రీ మొదటి సంవత్సరం ముగిస్తుంది. ఆరేళ్లకు చేరితే అప్పటికి ఇంటరే పూర్తవుతుంది. "పద్దెనిమిది నిండాయి కదా టీచరమ్మా" అంటూ శుభలేఖ నా చేతిలో పెట్టిన తల్లులు ఎందరో. డిగ్రీలో ఉన్న పిల్లయితే "ఇంకా రెండేళ్లే కదమ్మా" అని బతిమాలి కొందరినైనా ఒప్పించగలిగాను. ఇంటరుతో ఆగిన పిల్లకోసం ఏమని అడగాలో నాకే తోచేది కాదు.

2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ఆరేళ్లు అన్నది నిజమే. అంతకుముందు మూడేళ్ల పూర్వ ప్రాథమిక విద్యను కూడా అదే విధానం చదువులో భాగం చేసింది. వయసు మార్చడానికి ఒక ఉత్తర్వు చాలు. ఆ మూడేళ్లకు గది కావాలి, శిక్షణ ఉన్న టీచరు కావాలి. పక్కనున్న కర్ణాటకలో 2025-26కు ఆరేళ్ల నిబంధన తేబోయి, తల్లిదండ్రుల ఒత్తిడితో ఆ ఏడాదికి ఐదేళ్ల ఐదు నెలలకు సడలించారు.

మన రాష్ట్రంలో ఆరేళ్ల నిబంధన అమలు చేసేముందు, ఆదోని డివిజనులోని ప్రతి ఊళ్లో ఐదేళ్ల పిల్లలకు పూర్తిరోజు తరగతి నడపాలి. వలస కాలంలో అవ్వల దగ్గర మిగిలిపోయే పిల్లలకు రాత్రి భోజనం కూడా అక్కడే పెట్టాలి. అధికారులు నవంబరులో ఒక్కసారి కోసిగి వచ్చి, తాళాలు వేసిన ఇళ్లను లెక్కపెట్టి, ఆ తర్వాత ఉత్తర్వు రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఆదోని, కర్నూలు జిల్లా