షట్టర్‌లో నూనె పోయకండి బాబూ

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన ఆదివారం అనుబంధంలో పాత ఫిల్మ్ కెమెరాల మీద రాసింది చదివా, బాగుంది, కాకపోతే చివర్లో షట్టర్ ఇరుక్కుంటే రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేస్తే చాలని ఓ చిట్కా ఇచ్చారు చూడండీ, అది చదివి తల పట్టుకున్నా. సరిగ్గా ఆ పనే చేసి మా నాన్న కెనానెట్ కెమెరాని కొన్నేళ్లు మూలన పడేసినవాణ్ణి నేను.

అది క్యూఎల్ 17 జీ-త్రీ, 1972లో వచ్చిన మోడల్. దాని షట్టర్ లెన్స్ లోపలే ఉంటుంది, ఉల్లిపొరంత పల్చటి రేకులు ఒకదాని మీద ఒకటి జారి తెరుచుకుంటాయి. అవి పొడిగా ఉంటేనే పనిచేస్తాయి, లాగే స్ప్రింగుల బలం ఎంతనీ, మధ్యలో కాస్త నూనె చేరితే తడి గాజు పలకల్లా అతుక్కుపోతాయి. ఏళ్ల తరబడి ఫోకస్ రింగులో గ్రీజు కరిగి రేకుల మీదకి పాకడమే చాలావరకు అసలు రోగం, దానికి మళ్లీ నూనే మందా? నేను వేసిన రోజు నాలుగుసార్లు టిక్కు టిక్కుమంది, సంబరపడిపోయా, వారం తిరక్కుండా బిగుసుకుపోయింది. కోఠీలో చూపిస్తే పార్టులు దొరకవన్నారు. అసలు పార్టులతో పనే లేదు!

చివరికి ముందు లెన్స్ విప్పి, సిగరెట్ లైటర్లలో పోసే ఫ్లూయిడ్ ఇయర్‌బడ్‌తో కొంచెమే అద్ది, షట్టర్ నొక్కి, తుడిచి, ఆరాక మళ్లీ అద్ది, ఇలా మూడు సాయంత్రాలు. ఒక్కసారితో పోదు, ఎందుకంటే ఫ్లూయిడ్ ఆరిపోతూ కరిగిన నూనెని అక్కడే వదిలేస్తుంది. కిటికీలు తీసి, నిప్పుకి దూరంగా చేయాలి (మా ఆవిడ నన్ను డాబా మీదకి తరిమేసింది, మంచి పనే చేసింది). స్పీడు సరిగ్గా ఉందో లేదో ఫోన్లోనే చూడొచ్చు, వెనక తలుపు తీసి సెకనుకి 240 ఫ్రేముల స్లోమోషన్‌లో తీస్తే 1/30 సెకను దగ్గర ఎనిమిది ఫ్రేముల్లో వెలుతురు కనపడాలి, 1/4 దగ్గర అరవై. నాది మొదట్లో వంద దాటేది.

ఇంకోటి, ఇరుక్కున్నవన్నీ ఒకటే జబ్బు కాదు. యాషికా ఎలక్ట్రో 35 అయితే బ్యాటరీ లేకపోతే ఎప్పుడు నొక్కినా 1/500 మీదే కొడుతుంది, ఆ 5.6 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు రాదు, దాంతో షట్టర్ పోయిందని పాత సామాన్లోడికి ఇచ్చేస్తున్నారు. అడాప్టర్‌లో 6 వోల్టులది పెట్టి చూడండి ముందు. రష్యా జోర్కి-4 లాంటివాటికి గుడ్డ షట్టర్, అద్దం అడ్డు ఉండదు కాబట్టి క్యాప్ తీసి ఎండకి పెడితే లెన్స్ భూతద్దమై గుడ్డకి చిల్లు పడుతుంది, ఫొటోలో తెల్లచుక్కలు వస్తాయి. స్పీడు డయల్ కూడా ఫిల్మ్ తిప్పాకే మార్చాలి, ముందు మార్చితే లోపల మెకానిజం దెబ్బతింటుంది.

దయచేసి ఆ చిట్కా తప్పని వచ్చే ఆదివారం అదే పేజీలో, కనపడేంత అక్షరాల్లో వేయండి. ఈలోపే ఎవరైనా నూనె వేసేసుంటే ఫిల్మ్ లీవర్ బలవంతంగా తిప్పొద్దు, సెల్ఫ్ టైమర్ జోలికి అసలు పోవద్దు, ముందు ఆ నూనె కడిగించుకోండి.

ఇట్లు
ఒక పాఠకుడు, హైదరాబాద్