సంక్రాంతి సెలవుల్లో పోలవరం నిర్వాసిత కుటుంబాల కోసం ఒక విన్నపం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఏటా సంక్రాంతి సెలవులకు ముందు పిల్లల చేత పాత బట్టలు, పుస్తకాలు తెప్పించి ఏదో ఒక ఆశ్రమానికి పంపడం మన బడిలో ఆనవాయితీగా వస్తోంది. ఈ ఏడాది ఆ పద్ధతి మార్చి, పోలవరం ముంపు గ్రామాలను వదిలి పునరావాస కాలనీలకు చేరిన కొండరెడ్డి, కోయ గిరిజన కుటుంబాల వద్దకు వెళ్లాలని ఉపాధ్యాయులమందరం నిశ్చయించాము.

మీలో చాలామంది పాపికొండల లాంచీ ఎక్కినవారే, పేరంటపల్లి దగ్గర కొండరెడ్లు చేసిన వెదురు పూలు కొని ఇంటికి తెచ్చుకున్నవారే. ఆ దారిలో ఒడ్డున కనిపించిన ఊళ్లు, దేవీపట్నం మండలంలోనివి సహా, ఎన్నో ఖాళీ అయ్యాయి. జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు కాగా, పునరావాసాన్ని మొదట 41.15 మీటర్ల వరకు నీరు నిలిస్తే మునిగే ఊళ్లకు చేపట్టారు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కుక్కునూరు, వేలేరుపాడు మండలాల ఊళ్లు నీట మునగడం మనం పత్రికల్లో చూశాము. ప్రాజెక్టు పూర్తయితే జలాశయం నీళ్లు కాలువల వెంట మన పొలాలకు, మన కుళాయిలకు వస్తాయి. అందుకే వారి ఋణం మన మీద ఉందని నేను నమ్ముతున్నాను.

గత నెల ఇద్దరు ఉపాధ్యాయినులతో కలిసి ఒక కాలనీకి వెళ్లి, అక్కడి తల్లులతో అరుగుల మీద కూర్చుని మాట్లాడాను. కొండ పక్కన ఉన్నప్పుడు వెదురు, వంటచెరకు, చింతపండు, ఇప్పపువ్వు చేతికి అందేవనీ, ఇక్కడ పొయ్యిలో పెట్టే పుల్ల దగ్గర నుంచి ప్రతిదీ కొనవలసి వస్తోందనీ వారు చెప్పారు. ఏమి తేవాలని అడిగితే బట్టల మాట ఒక్కరూ ఎత్తలేదు. ఊరు మారినప్పుడు పిల్లల కుల ధ్రువీకరణ పత్రాలు, టీసీలు చెల్లాచెదురై హాస్టల్ ప్రవేశాలకు, ఉపకార వేతనాలకు ఇబ్బంది పడుతున్నామని ఎక్కువమంది చెప్పుకున్నారు. హైస్కూలు దూరమై పెద్ద ఆడపిల్లలు చదువు మానేస్తున్నారని మరికొందరు బాధపడ్డారు.

కాబట్టి ఈసారి పాత బట్టలు పంపవద్దని మనవి చేస్తున్నాను. చలికి కొత్త దుప్పట్లు, ఆడపిల్లలకు సైకిళ్లు మనమే కొని ఇద్దాము. ఇందుకు మీరు ఇవ్వదలచినది ఎంత చిన్న మొత్తమైనా కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. అంతకంటే ముఖ్యంగా, మీలో న్యాయవాదులు, రెవెన్యూ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు, మీసేవ పనులు తెలిసినవారు భోగికి ముందు రెండు రోజులు కేటాయించి, కాలనీలో కూర్చుని దరఖాస్తులు నింపడంలో సాయపడితే, ఆ మేలు కొన్ని ఇళ్లలో ఏళ్ల తరబడి నిలుస్తుంది.

మా వెంట 8, 9 తరగతుల పిల్లలను మాత్రమే, మీ లిఖితపూర్వక అనుమతితో తీసుకువెళతాము. సామాను అందిస్తూ ఫొటోలు తీయడం ఉండదు. తమ తోటివారి ఎదుట చేయి చాపినట్టు ఏ బిడ్డకూ అనిపించకూడదు. మన పిల్లలు అక్కడి పిల్లలతో ఆడుకుంటారు, వారి దగ్గర వెదురు అల్లిక నేర్చుకుంటారు, కొత్త మామిడి పండుగ ఎలా చేసుకుంటారో అడిగి తెలుసుకుంటారు. పిల్లలు ప్రయాణానికి వెళ్లే ముందు పాపికొండలలో మీరు చూసిన ఊళ్ల గురించి, తీసిన ఫొటోలు ఉంటే చూపించి, ఇంట్లో ఒక సాయంత్రం వారికి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

అనుమతి పత్రం ఈ లేఖకు జతచేశాము. దానిని సెలవులకు వారం ముందుగా తరగతి ఉపాధ్యాయులకు అందజేయగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు