పన్నెండు వైపుల పాట

సర్రే, ఇంగ్లండ్
ఆదివారం పొద్దున, నైట్ డ్యూటీ దిగి వచ్చాక

నాయనా,

నేను క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? ఈ ఉత్తరం తమ్ముడితో చదివించుకోవద్దు, వాడు సగం మాటలు మింగేస్తాడు. కళ్లద్దాలు పెట్టుకొని నువ్వే చదువు. ఫోన్లో చెబుదామంటే నువ్వు "తిన్నావా, చలి ఎట్లుంది" అని రెండు ముక్కలు అడిగి ఫోను అమ్మ చేతిలో పెడతావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. విషయం ఫిడేలు గురించి.

నేను పనిచేసే చోట ఒక పెద్దాయన ఉన్నాడు. తొంభై రెండేళ్లు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు, సూప్ వేడిగా లేకపోతే మాత్రం గట్టిగానే మాట్లాడతాడు. ఆయన గదిలో పాత రికార్డు ప్లేయర్ ఒకటి, దాని కింద అట్టపెట్టెలో ఆరు రికార్డులు. నల్లగా, మన దోసెల పెనమంత ఉంటాయి, చేతిలోకి తీసుకుంటే బరువు. నిమిషానికి 78 చుట్లు తిరిగే రకం. లక్కతో చేసినవి కాబట్టి కింద పడితే పలక పగిలినట్టు పగులుతాయి. వాళ్ల నాయన కొన్నవంట. ఆరింటిలోనూ ఉండేది ఒకటే కాన్‌చెర్టో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్క వయొలిన్ ముందుండి వాయించే పెద్ద రచన. ఎల్గార్ అని ఇక్కడి పెద్ద స్వరకర్త రాసినది, వాయించింది యెహుదీ మెనుహిన్.

ఆ పేరు నీ నోటే మొదట విన్నాను. 1952లో మెనుహిన్ మన దేశం వచ్చినప్పుడు మద్రాసులో జడ్జి రాజమన్నార్ గారి ఇంట్లో ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫిడేలు విని ముగ్ధుడైపోయాడని చెప్పేవాడివి. ద్వారం వారి మాట వస్తే నువ్వు ఆగేవాడివా? చదువుకుందామని విజయనగరం సంగీత కళాశాలకు పోయిన మనిషిని ఆదిభట్ల నారాయణదాసు గారు విద్యార్థిగా కాదు, పాఠం చెప్పే ఆచార్యుడిగా ఉండమన్నారని, అప్పుడాయనకు 26 ఏళ్లేనని ఎన్నిసార్లు చెప్పావో. హరికథా పితామహుడే ఫిడేలుకు అంత పీట వేశాడు చూడు అనేవాడివి. ఆ మాట, నువ్వు పక్కన ఫిడేలు వాయించే మన హరికథల దాసుగారి చెవిన పడేటట్టు అనడం నీకు సరదా.

ఇక ఈ రికార్డుల సంగతి. 1932 జూలైలో లండన్‌లో అబ్బే రోడ్ స్టూడియోలో తీశారు. స్టూడియో తెరిచి అప్పటికి ఏడాది కూడా కాలేదు. వాయించే అబ్బాయికి 16 ఏళ్లు, ఆర్కెస్ట్రాను నడిపించింది ఎల్గారే, ఆయనకు 75. మైకులోంచి వచ్చిన శబ్దాన్ని మైనం పళ్లెం మీద సూది గీసుకుంటూ పోతుంది. తప్పు పడితే అతుకు వేసే వీల్లేదు, ఆ వైపు మొత్తం మళ్లీ వాయించాల్సిందే. ఇప్పుడు ఒక్క పల్లవిని నలభై ముక్కలుగా పాడి కంప్యూటర్లో కుట్టించుకునే వాళ్లను చూస్తే నవ్వొస్తుంది. సరే, అది నాకెందుకు.

రికార్డింగుకు ముందు ఈ అబ్బాయి ఎల్గార్ ఎదుట వాయించి చూపించడానికి పోయాడంట. కాసేపు విన్నాడో లేదో, ఆ పెద్దమనిషి బాగుంది, ఇంక నేను చెప్పేదేమీ లేదు, గుర్రప్పందేలకు టైమైంది అని లేచి వెళ్లిపోయాడంట. మెనుహిన్ ఈ కథ తానే చెప్పుకునేవాడు. నాకు మన దాసుగారు గుర్తొచ్చాడు. రిహార్సల్ అంటే "శ్రుతి చూసుకున్నావా? చాల్లే" అని కాఫీకి పోయేవాడు కదా.

ఒక్కో వైపు నాలుగు నిమిషాల చిల్లర. ఆరు రికార్డులంటే పన్నెండు వైపులు. రాత్రి మందులన్నీ ఇచ్చేశాక ఆయన గదిలో కూర్చుంటే, పన్నెండు సార్లు లేచి తిప్పడం నా పని. మొదటి దాదాపు మూడు నిమిషాలు వయొలిన్ అసలు మోగదు, ఆర్కెస్ట్రా ఒక్కటే. ఎప్పుడొస్తాడా అని చూస్తుంటే వచ్చేది కూడా కొత్త మాట ఎత్తుకొని కాదు, ఆర్కెస్ట్రా సగంలో వదిలిన మాటను అందుకొని పూర్తిచేస్తూ వస్తాడు. పక్కవాద్యం వాడి బుద్ధి, నాయనా! హీరో అట్లా రావడం నాకు భలే నచ్చింది.

వీళ్లు నిలబడి, గడ్డం కింద ఫిడేలు ఇరికించుకొని వాయిస్తారని నీకు తెలుసు. మా నాయన నేల మీద కూర్చొని, ఫిడేలు తలను కుడికాలి చీలమండ మీద ఆనించి వాయిస్తాడని చెబితే పెద్దాయన నమ్మలేదు. యూనిఫాంతోనే కార్పెట్ మీద బాసిపట్టు వేసి చూపించా. అట్లా కూర్చుంటే ఎడమచెయ్యికి మోసే పని ఉండదు, తీగ మీద పైకీ కిందికీ జారడానికే ఉంటుంది అని చెప్పా. శ్రుతి కూడా మనది షడ్జం పంచమం, మళ్లీ షడ్జం పంచమం అన్నా. ఆయన చాలాసేపు నా కాలి వైపే చూశాడు. బాలుస్వామి దీక్షితులు ఇంగ్లీషు వాళ్ల దగ్గర నేర్చుకొని మన సంగీతంలోకి తెచ్చిన వాయిద్యమే ఇది, కూర్చునే తీరు మాత్రం మనం మార్చేశాం అంటే కొంచెం నవ్వాడు.

అయినా ఆ పదహారేళ్ల పిల్లాడు కూడా జారతాడు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి పోతూ మధ్యలో దారిని కూడా వినిపిస్తాడు. ఇప్పటి వాళ్లవి నాలుగైదు విన్నా, వాళ్లు అంతగా జారరు, కడిగిన పళ్లెంలా ఉంటుంది. నాకు ఈ పాతదే ఇష్టం. మూడో భాగం చివర ఒక చోటుంది. ఆర్కెస్ట్రాలో వాళ్లు కమాను వాడకుండా, తీగల్ని వేళ్లతో మెత్తగా తడుముతూ ఒక గింగురుమనే శబ్దం పుట్టిస్తారు. దాని మీద వయొలిన్ ఒక్కటే, ముందు వచ్చిన పాటలన్నీ మళ్లీ గుర్తు తెచ్చుకున్నట్టు వాయిస్తుంది. తంబూరా మీద ఆలాపన విన్నట్టే ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు కారిడార్లో ఎవరో బెల్లు కొడుతున్నా లేవలేదు. రెండు నిమిషాలే అనుకో, పైవాళ్లకు చెప్పకు.

పోయిన నెల నాలుగో రికార్డు నా చేతిలోంచి జారింది. మూడు ముక్కలు. ఆయన తిట్టలేదు, అదే ఇంకా బాధ. ముక్కలు తీసి పెట్టెలో పెట్టమన్నాడు. మరుసటి రాత్రి యూట్యూబ్‌లో అదే 1932 రికార్డింగు వెతికి, ఫోనుకు చిన్న స్పీకర్ తగిలించి పెట్టా. శబ్దం శుభ్రంగా ఉంది, గరగర తక్కువ, అన్ని వైపులూ కలిపేశారు, ఎక్కడా ఆగదు. సంతోషపడతాడు అనుకున్నా. నాలుగు నిమిషాలు దాటగానే ఆయన చెయ్యి ఎత్తాడు. ఇంకో నాలుగు నిమిషాలకు మళ్లీ ఎత్తాడు. నొప్పేమో అని బీపీ చూడబోయా. కాదంట. "ఇక్కడ ఆగాలి" అన్నాడు.

చిన్నప్పుడు వాళ్ల నాయన లేచి రికార్డు తిప్పేవాడంట. సూది ఎత్తడం, తిప్పడం, ఊది మళ్లీ పెట్టడం. ఎనభై ఏళ్లుగా ఆయన చెవిలో ఆ పాట అట్లాగే ఉంది, వాళ్ల నాయన లేచి నిలబడే చోట్లతో కలిపి. ఆగకుండా పోతుంటే ఆయనకు ఏదో ఎగిరిపోయినట్టు ఉంది. ఇప్పుడు ఆయన చెయ్యి ఎత్తిన చోటల్లా నిమిషాలు కాగితం మీద రాసుకున్నా. అక్కడ ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ నొక్కుతా.

అప్పుడు నాకు ఒంటిమిట్ట నవమి రాత్రులు గుర్తొచ్చాయి. దాసుగారు చిడతలు ఆపి పిట్టకథలోకి పోగానే నువ్వు కమాను ఒళ్లో పెట్టుకునేవాడివి. జనం పడీపడీ నవ్వుతుంటే నువ్వు మాత్రం నవ్వేవాడివి కాదు, బిరడా మీద చెయ్యి వేసి కూర్చునేవాడివి. పది నిమిషాలు కానీ, పావుగంట కానీ, ఆయన మళ్లీ పద్యం ఎత్తుకునేసరికి ఎక్కడ వదిలావో సరిగ్గా ఆ స్వరం మీదే నీ కమాను దిగేది. నేను నీ ఫిడేలు పెట్టె మీద తల పెట్టుకొని నిద్రపోయేదాన్ని. ఆ స్వరానికి మెలకువ వచ్చేది.

మెనుహిన్ గురించి ఇంకో సంగతి చదివా. 1952లో మన దేశంలో వాయించిన కచేరీల డబ్బు కరువు సాయం నిధికి ఇచ్చేశాడంట. జేజి చెప్పే గంజి కేంద్రాల కరువు ఆ రోజుల్లోదే కదా, చెంబు పట్టుకొని వరుసలో నిలబడ్డామని చెప్పేది. ఆ ప్రయాణంలోనే బొంబాయిలో బి.కె.ఎస్. అయ్యంగార్ గారి దగ్గర యోగా మొదలుపెట్టాడు. అప్పటికే ఒళ్లు, చెయ్యి ఇబ్బంది పెడుతున్నాయి. తర్వాత ఆయనకు ఒక గడియారం బహుమతిగా ఇచ్చాడు. తన వయొలిన్ గురువుల్లో అందరికంటే గొప్పవాడు అని దాని వెనక చెక్కించాడు.

1960ల్లో ఇదే కాన్‌చెర్టో మళ్లీ రికార్డు చేశాడు. అదీ విన్నా. పదహారేళ్లప్పటి ఆ ధీమా లేదు, కమాను కొన్ని చోట్ల తడబడినట్టు నా చెవికే తెలిసింది. పెద్దాయన అది ఒద్దే ఒద్దు అంటాడు. నాకు మాత్రం నెమ్మదిగా సాగే రెండో భాగం అందులోనే బాగుంది. ఆయనతో వాదించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఫిడేలు బీరువా మీదికి ఎక్కించేశావని అమ్మ చెప్పింది. భుజం పట్టేసింది, కమాను పూర్తిగా లాగలేకపోతున్నా, ఇంకేం ఫిడేలు అన్నావంట. నాయనా, షుగరు ఉన్నవాళ్లకు భుజం ఇట్లా పట్టేయడం మామూలే, రోజూ చూస్తుంటా. ఎక్కువమందికి నెమ్మదిగా వదులుతుంది, కానీ కదిలించకుండా పెడితే ఇంకా బిగుస్తుంది. గోడకు ఎదురుగా నిలబడి, రెండు వేళ్లతో గోడ ఎక్కినట్టు చెయ్యి పైకి పోనివ్వు. నొప్పి మొదలైన చోట ఆపి దించు. పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు. షుగర్ టెస్టు చేయించుకొని డాక్టరుకు కూడా ఒకసారి చూపించు, తమ్ముడికి నేను చెబుతా.

నలభై ఏళ్లు వాయించావు. నీ రికార్డు అని నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క క్యాసెట్. అట్ట మీద దాసుగారి ఫొటో, పేరు, మృదంగం ఆయన పేరు ఉన్నాయి. నీ పేరు వెయ్యలేదు. వాళ్లెవరో మైకు కూడా నీకు దూరంగా పెట్టారు. చిడతలు ఆగినప్పుడే నువ్వు వినపడతావు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని ఆ ముక్కలు ఏరుకుంటూ వింటుంటా.

కాబట్టి ఈ ఆదివారం తమ్ముడితో ఫిడేలు దింపించు. తీగలు తుప్పు పట్టి ఉంటే రెండు సెట్లు పార్సిల్లో వస్తున్నాయి, ఆగు. హాల్లో వాయించొద్దు, కడప బండల నేల, శబ్దం ఎగిరెగిరి పడుతుంది. మధ్య గదిలో చాప వేసుకో. ఫ్యాను ఆపు, ఫ్రిజ్ కూడా ఆ కాసేపు ఆపేయమను. ఫోను స్టీలు బల్ల మీద కాకుండా మడిచిన దుప్పటి మీద, నీకు రెండు మూరల దూరంలో పెట్టమను. పిట్టకథ అయ్యాక నువ్వు ఎత్తుకునే ఆ మోహన రాగం. అదొక్కటే. నాలుగు నిమిషాలు, ఒక్క వైపు అనుకో.

కమాను పూర్తిగా రాకపోతే సగమే లాగు. మధ్యలో భుజం నొప్పి పుడితే ఆపు. అమ్మ వంటింట్లోంచి పిలిచినా ఆపు. తమ్ముణ్ణి ఫోను ముట్టుకోవద్దను, రికార్డు అవుతూనే ఉండనీ. ఎక్కడ వదిలావో అక్కడ మళ్లీ ఎత్తుకో.

నీ కూతురు

తా.క. చెనిక్కాయల పొడి అయిపోయింది. ఈసారి వెల్లుల్లి కొంచెం తగ్గించమని అమ్మకు చెప్పు, డ్యూటీలో పక్కవాళ్లు ముక్కు మూసుకుంటున్నారు.